పెన్సిల్ సెల్లూ, మేస్త్రి గారి ఇంటూ గుర్తూ

రైలు పెట్టెల్లో దీపాలకీ ఫ్యాన్లకీ కరెంటు ఇచ్చే బ్యాటరీల పనిలో ముప్ఫై ఆరేళ్లు ఉన్నాను, ఇక్కడే బిలాస్‌పూర్‌లో. ఖలాసీగా చేరి మేస్త్రిగా దిగాను. ఆ ముప్ఫై ఆరేళ్ల గురించి నన్నెవరూ ఏమీ అడగరు. పెళ్లి భోజనంలో కూర్చున్నా, పాల బూత్ దగ్గర నిలబడ్డా అడిగేది ఒక్కటే: "అంకుల్, టీవీ రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్లు మళ్లీ ఛార్జ్ అవుతుందా?"

అవుతుంది. మొదటే చెప్పేస్తున్నాను. ఛార్జ్ చేయకూడదని సెల్లు మీదే రాసి ఉంటుంది కదా అంటారు. రాసి ఉంటుంది, రాసినవాడు తెలివితక్కువవాడేమీ కాదు. అయినా అవుతుంది. అయితే ఛార్జ్ అవడం వేరు, పనికి రావడం వేరు. ఆ తేడా కనిపెట్టడమే మా ఉద్యోగం. అది నాకు బాగా వచ్చుననుకుని రిటైరయ్యాను. రిటైరయ్యాక నాకు పని నేర్పిన మనిషి విషయంలోనే తప్పు చేశాను. ఈ సెక్షన్‌లోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం అది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. అవి అందరివీ ఒకలాగే ఉంటాయి, చదివేవాళ్లకి ఆవులింతలు తప్ప ఏమీ రావు.

బ్యాటరీ రూము

నేను చేరిన రోజుల్లో పెట్టె కింద ఉండే ఒక్కో సెల్లు ఒక మనిషి ఎత్తలేనంత బరువు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని దించేవాళ్లం. నల్లటి డబ్బా, లోపల సీసం పలకలు, వాటి చుట్టూ యాసిడ్ నీళ్లు. ఆ యాసిడ్ చుక్క ఎప్పుడు పడిందో తెలిసేది కాదు. ఉతికాక తెలిసేది. రైల్వే కాలనీలో ఎవరింటి మగాడు బ్యాటరీ రూములో పనిచేస్తున్నాడో తీగ మీద ఆరేసిన చొక్కాల చిల్లులు చూసి చెప్పేసేవారు. మా అమ్మ నా చొక్కాల్లోంచి వీధి చూడొచ్చని వెక్కిరించేది.

మా మేస్త్రి అప్పలనరసయ్య గారు. వాళ్ల నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈయన పుట్టిందీ పెరిగిందీ బిలాస్‌పూరే. హిందీ నీళ్లలా మాట్లాడేవారు గానీ కోపం మాత్రం తెలుగులోనే వచ్చేది. మాతో పనిచేసే ఛత్తీస్‌గఢీ ఖలాసీలకు తెలుగు రాదు. మేస్త్రి గారి తిట్లు మాత్రం అర్థాలతో సహా వచ్చు.

మా రూములో ఒక ఆచారం ఉండేది. ఏ పుస్తకంలోనూ రాసిలేదు. సెల్లు చచ్చిపోయిందని చెప్పే హక్కు ఒక్క మేస్త్రిదే. మేం పరీక్ష చేయొచ్చు, అనుమానం చెప్పొచ్చు, అంతవరకే. ఆయన వచ్చి, రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, ఇక లాభం లేదనుకున్నాక తెల్ల పెయింటు బ్రష్షుతో దాని మీద ఇంటూ గుర్తు పెట్టి, పక్కన 'అ' అని తన అక్షరం వేసేవారు. ఇంటూ పడిన సెల్లు మళ్లీ పెట్టె కిందకు వెళ్లదు. పెద్ద సాహెబు చెప్పినా వెళ్లదు. బయటికీ పోదు. స్టోర్సు లారీ వచ్చి తీసుకెళ్లేదాకా రూములో ఓ మూల వరసగా ఉండాల్సిందే.

అంత పట్టింపు ఎందుకని చేరిన కొత్తలో అడిగాను. "ఒక్కటి సచ్చిందని తెలీకుండా లైన్లో ఉంటే మిగతావన్నీ దాని బరువు మోసి సస్తాయిరా. సచ్చిందాన్ని సచ్చిందని సెప్పాల," అన్నారు.

"ఫేన్లన్నీ ఎయ్యి"

చేరిన మూడో నెల. పిట్ లైన్ మీద, అంటే కింద గొయ్యి ఉండి బళ్లు శుభ్రం చేసే లైన్ మీద, ఒక పెట్టె బ్యాటరీ చూడమన్నారు. వోల్టుమీటరు తగిలించాను. ముల్లు ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. మహా సంతోషంగా "బాగుంది మేస్త్రి గారూ" అన్నాను.

"ఏటి బాగుంది?"

"వోల్టేజి."

"పైకెక్కి దీపాలన్నీ ఎయ్యి. ఫేన్లన్నీ ఎయ్యి. ఏసొచ్చి ఇక్కడ కూకో."

వేసి వచ్చి కూర్చున్నాను. పది నిమిషాలు గడిచేసరికి నా కళ్లముందే ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. పైన ఫ్యాన్లు నీరసించిపోయి, రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతున్నాయి.

"ఊరికే కూకున్నప్పుడు అడిగితే ఎవుడైనా బాగున్నాననే అంటాడు. పని సెప్పి, అప్పుడు అడగాల," అన్నారాయన.

దీన్నే లోడ్ పెట్టి చూడడం అంటారు. కొత్తవాళ్లు ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. లోడ్ లేకుండా మీటరు చెప్పే మాట ఉత్త మర్యాద.

సాహెబు గారి యాసిడ్

తర్వాత కొన్నేళ్లకి ఒక సాహెబు వచ్చాడు. పేరెందుకు, ఆయనా రిటైరై ఎక్కడో మనవల్ని ఆడిస్తూ ఉంటాడు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. సెల్లులో యాసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టం ఒకటి ఉంటుంది, హైడ్రోమీటరు. చిక్కగా ఉంటే ఛార్జ్ ఉన్నట్టు, పలచగా ఉంటే లేనట్టు. ఒక పెట్టె సెల్లులన్నీ పలచగా చూపిస్తున్నాయి. ఆ వారం మేస్త్రి గారు సెలవులో ఉన్నారు. సాహెబు నన్ను పిలిచి, పైనుంచి కాస్త యాసిడ్ పోసేయమన్నాడు.

పోస్తే గొట్టంలో లెక్క బాగుంటుంది, లోపల పలకలు మాత్రం పాడైపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా పోశాను. తనిఖీ దివ్యంగా జరిగింది, సాహెబును మెచ్చుకున్నారు, సాహెబు నన్ను మెచ్చుకున్నాడు. పది రోజుల తర్వాత, మే నెల మిట్టమధ్యాహ్నం, కట్నీ స్టేషను ఇంకా రాకముందే ఆ పెట్టెలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. నిండు పెట్టె, పసిపిల్లలు, ముసలివాళ్లు. స్టేషన్ రాగానే జనం దిగి, దొరికిన ఉద్యోగినల్లా పట్టుకుని తిట్టారు. తప్పేమీ లేని టికెట్ కలెక్టరు ఒకాయన చొక్కా చిరిగింది.

మేస్త్రి గారు సెలవు నుంచి వచ్చి, ఆ సెల్లుల మూతలు తీసి చూసి, "యాసిడ్ ఎవుడు పోసేడు?" అన్నారు.

"సాహెబు పోయించారు."

"సాహెబు నీ సెయ్యి పట్టుకుని పోసేడేటి?"

"లేదు. నేనే పోశాను."

ఆ రోజు ఆ పెట్టె సెల్లులన్నిటికీ వరసగా ఇంటూ గుర్తు పెట్టారు. పెయింటు డబ్బా నాచేత పట్టించారు. నా మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేసినా బాగుండేది. ఒక్కొక్క సెల్లు దగ్గరా ఆగి, బ్రష్షు ముంచి, నా మొహం చూడకుండా గీత గీస్తుంటే నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఇందులో ఇంకో మాట కూడా చెప్పాలి. మా రూముకి కళ్లు కడుక్కునే కుళాయి పెట్టించింది ఆ సాహెబే. అంతకుముందు పనిచేసిన మంచివాళ్లు నలుగురూ ఫైలు కదిపారు గానీ కుళాయి రాలేదు. ఆ కుళాయి వల్ల ఇద్దరి చూపు దక్కింది, అందులో ఒకడిని నేను. మనిషిని ఒక్క పనితో కొట్టిపారేయకండి, అధికారినైతే మరీను.

వరండాలో ఛార్జరు

రిటైరయ్యాక కుదుదండ్‌లో ఉన్న మా ఇంట్లో మొదటి మూడు నెలలూ నాకు పిచ్చెక్కినంత పనైంది. చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేదు. అప్పుడు దృష్టి రిమోట్ మీద పడింది. సెల్లు అయిపోతే జనం చేసే వైద్యాలు మీకూ తెలుసు. రిమోట్‌ను అరచేత్తో కొడతారు, సెల్లు తీసి తిప్పి పెడతారు, పళ్లతో కొరుకుతారు, డాబా మీద ఎండలో పెడతారు. మా ఎదురింటావిడ వడియాల పక్కన సెల్లులు ఆరబెట్టేది. నిజం చెప్పాలంటే వేడికి అవి కాసేపు లేస్తాయి కూడా.

నేను పాత రేడియోలోంచి ట్రాన్స్‌ఫార్మరు తీసి, ఒక డయోడు, ఒక చిన్న బల్బు కలిపి ఛార్జరు చేశాను. బల్బు ఎందుకంటే కరెంటు చుక్కచుక్కగా వెళ్లాలి, గబగబా వెళితే సెల్లు పేలుతుంది. మొదటిసారి ఛార్జరు వంటింట్లో పెట్టాను. ఆల్కలైన్ అని రాసి ఉండే ఖరీదైన రకం సెల్లొకటి ఠప్పున చిట్లి, మూత ఎగిరి పప్పు గిన్నెకి తగిలింది.

మా ఆవిడ పొయ్యి ఆపేసి, "ముప్ఫయ్యారేళ్లు మీ చిల్లుల చొక్కాలు ఉతికేను. ఇప్పుడు పప్పులోకి కూడా తెచ్చేరేటి?" అంది. ఛార్జరు వరండాలోకి వెళ్లిపోయింది.

ఆల్కలైన్ రకాన్ని ఛార్జ్ చేయకండి. కొన్ని చిట్లుతాయి, కొన్ని కారతాయి, కారితే గడియారమో రిమోటో దాంతో సరి. మామూలు చౌక సెల్లులు పూర్తిగా చచ్చేలోపు పెడితే కొంచెం కోలుకుంటాయి. గోడ గడియారం ఇంకో నెల నడుస్తుంది, రిమోటు రెండు వారాలు. అంతే. ఆ మాత్రానికే నాకు పేరొచ్చేసింది. వీధిలో పిల్లలకి నేను "సెల్ వాలే అంకుల్"నయ్యాను. జనం పాత సెల్లులు కవర్లలో పోసి గేటుకి తగిలించి వెళ్లేవారు. నేను ఛార్జ్ చేసి, అంకెలు కనబడే మీటరు పెట్టి, "చూడండి, కొత్త సెల్లుకి ఎంత చూపిస్తుందో దీనికీ అంతే" అని చూపించేవాణ్ని. వాళ్లు ఆశ్చర్యపోయేవారు. వాళ్ల ఆశ్చర్యం నాకు బాగా నచ్చింది.

లోడ్ పెట్టి చూసేవాణ్ని కాదు. ఇంత చిన్న సెల్లుకి లోడేమిటి అనుకున్నాను.

మేస్త్రి గారి మిషను

అప్పలనరసయ్య గారు అప్పటికి అర్పా నది అవతల, సర్కండాలో కొడుకు రమణ దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటాయి. రమణ బొగ్గు కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు, కోడలు సుజాత స్కూల్లో టీచరు, వాళ్లకి పదేళ్ల పాప పింకీ. నేను రిటైరయ్యాక రెండేళ్లపాటు ఆయన్ని చూడటానికి వెళ్లలేదు. కారణం ఏమీ లేదు. వంతెన దాటితే వచ్చే ఇల్లు. పనేం లేదు కదా, తర్వాత వెళ్దాం అనుకున్నాను.

ఒకసారి సర్కండా బజారుకి వెళ్లినప్పుడు తోచి వెళ్లాను. ఆయనకి చెవులు బాగా పోయాయి. చొక్కా జేబులో అగ్గిపెట్టెకు రెండింతలుండే మిషను, దాన్నుంచి చెవిలోకి వైరు. కొత్త రకాలు చెవి వెనక ఇమిడిపోతాయి గానీ వాటి సెల్లు గుండీ అంత ఉంటుంది. యాసిడ్‌లో నలిగిన ఆయన వేళ్లకి అది అందదు. ఈ పాత రకానికి ఒక పెన్సిల్ సెల్లు చాలు. ఆ వేళ అది అయిపోయి ఉంది. నేను ఉత్సాహంగా "సెల్లుల సంగతి నాకొదిలేయండి మేస్త్రి గారూ" అని కాగితం మీద రాసి చూపించాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నాలుగు సెల్లులు పట్టుకెళ్లేవాణ్ని. ఆయన ఒక్కోదాన్ని తిప్పి అడుగు చూసి, ఒకటి మిషన్లో వేసుకుని, మూడు బల్ల మీద పెట్టేవారు. ఇక కబుర్లు. పాత బళ్లు, పాత సాహెబులు, ఎవరు ఎవరి మీద యాసిడ్ చల్లారో. సుజాత టీ, పకోడీ తెచ్చేది. నేను చెప్పిన ప్రతి మాటా ఆయనకి వినబడేది. అయిపోయిన సెల్లులేం చేస్తున్నారని ఒకసారి అడిగితే "ఉన్నాయిలే" అన్నారు. అలా ఎనిమిది నెలలు నడిచింది.

ఒక గురువారం రమణ ఫోన్ చేశాడు. గొంతు బాగాలేదు. "బాబాయ్, ఒకసారి రాగలవా? నాన్న దిమాగ్ ఖరాబవుతోంది," అన్నాడు.

వెళ్లాను. మేస్త్రి గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పలకరిస్తే తలూపారు. లోపల రమణ, సుజాత నాకు జరిగినవి చెప్పారు. పాలు పొంగగానే స్టవ్ ఆపమంటే "సరే" అన్నారట, గిన్నె మాడి వంటిల్లంతా పొగ నిండింది. పింకీ స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నానని చెబితే "సరే" అన్నారట. పాప ఏదని సాయంత్రం అడిగితే తెలీదన్నారు. గంటసేపు వీధులన్నీ వెతికారు.

"అన్నిటికీ హాఁ అంటాడు బాబాయ్. కుఛ్ భీ యాద్ నహీఁ రహతా. ఏదీ గుర్తుండదు," అన్నాడు రమణ. "చెవులు కూడా కాదు. నువ్వొస్తే గంటలు గంటలు మాట్లాడతాడు గదా. మాతోనే ఇలాగ."

"ఒక్కోసారి బాగానే ఉంటారు బాబాయి గారూ. మీరొచ్చిన రోజు మరీ బాగుంటారు. మర్నాటి నుంచి మళ్లీ మామూలే," అంది సుజాత. "నా మీద ఏదో కోపమేమో అని కూడా అనుకున్నాను."

సోమవారానికి మెదడు డాక్టరు దగ్గర నంబరు రాయించారు. మేస్త్రి గారు ఒంటరిగా బయటికి పోకుండా గేటుకి తాళం వేసి, తాళంచెవి రమణ తన దగ్గర పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే అర్పా వంతెన దాకా నడిచి, టీ తాగి వచ్చే మనిషి. నేనేం చెప్పానో తెలుసా? "మంచి పని చేశావు రమణా. వయసు మరి. ఒంటరిగా పంపకు," అన్నాను.

ఇదంతా మేం ఆయనకి రెండు గజాల దూరంలో, తలుపు తీసి ఉండగా మాట్లాడాం. ఆయన మావైపు చూసి నవ్వుతూ తలూపారు. ఎన్నో సెల్లులు పరీక్ష చేసిన నాకు, ఆ వేళ ఆదివారం కాదన్న సంగతి తట్టలేదు.

బిస్కెట్ డబ్బా

ఆదివారం మధ్యాహ్నం వెళ్లేసరికి మేస్త్రి గారు భోంచేసి, మిషను తీసి బల్ల మీద పెట్టి నిద్రపోతున్నారు. సుజాత ఒక రేకు బిస్కెట్ డబ్బా రెండు చేతులతో పట్టుకొచ్చింది.

"బాబాయి గారూ, ఇది మామయ్య గారి మంచం కింద దొరికింది. పాత సామాన్లు కొనే కబాడీ వాడికి ఇచ్చేద్దామంటే ముట్టుకోనివ్వరు. మీకేమైనా పనికొస్తాయేమో చూడండి."

మూత తీశాను. నిండా పెన్సిల్ సెల్లులు. నేను తెచ్చినవే. వరసలు వరసలుగా, అడుగు పైకి పెట్టి నిలబెట్టి ఉన్నాయి. ప్రతి సెల్లు అడుగునా మేకుతో గీసిన చిన్న ఇంటూ గుర్తు. పక్కన 'అ'.

ఒకటి తీశాను, ఇంకోటి తీశాను. అన్నీ అంతే. ఎనిమిది నెలలుగా నేను తెచ్చిన ఒక్క సెల్లునీ ఆయన పాస్ చేయలేదు.

"అమ్మా, ఒక సెల్లుతో వెలిగే టార్చి ఏదైనా ఉందా?" అని అడిగాను. పింకీ పెన్ టార్చి తెచ్చింది. ఆ వేళ నేను తెచ్చిన సెల్లు, నా మీటరు కొత్తదానిలాగే ఒకటిన్నర వోల్టులు చూపించిన సెల్లు, అందులో వేసి బల్ల మీద పెట్టి గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మొదట తెల్లగా వెలిగింది. తర్వాత పసుపు, తర్వాత ఎరుపు. పది నిమిషాలు దాటాక ఆరిపోయింది. రెండోది ఇంకా ముందే ఆరిపోయింది.

ఆదివారం నేను కూర్చున్నంతసేపే ఆ మిషను పనిచేసేది. మిగతా వారమంతా ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా ఆయనకి అందలేదు. వాళ్లు చెప్పినదానికి తలూపుతూ ఉండిపోయారు. పింకీ మాట అందలేదు, స్టవ్ మాట అందలేదు. ఆయన మతి పోయిందని మేమంతా కలిసి నిర్ణయించాం. అందరికంటే గట్టిగా నేను.

బజారుకి వెళ్లి కొత్త సెల్లులు కొనుక్కొచ్చాను. ఒకటి మిషన్లో వేసి, ఆయన లేచాక మంచినీళ్లిచ్చి, మిషను చేతికిచ్చాను. ఆయన చెవిలో పెట్టుకుని ఎప్పటిలా కుర్చీలో, వీధి వైపు తిరిగి కూర్చున్నారు. రమణ, సుజాత గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నేను ఆయన వెనకాల నాలుగు అడుగుల దూరంలో నిలబడి, పక్కవాడికి చెప్పినంత మెల్లగా అన్నాను.

"వోల్టేజి బాగుంది మేస్త్రి గారూ."

ఆయన తల తిప్పలేదు.

"లోడెట్టి సూసేవేటి?"

రమణ నావైపు చూశాడు. నేను ముందుకెళ్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఇప్పుడు పెట్టేను. మీరు మొదటి వారమే పెట్టేరు గదా. ఎందుకు చెప్పలేదు?"

"సెప్పేదేటుంది? మొదటిరోజు సాయంత్రమే సెవిలో డుబుడుబుమని ఇంజినాడింది. తరవాత గప్ చుప్. మిగతా మూడూ అంతే. నీ సెల్లు సచ్చింది, ఇంటూ ఎట్టేను. రూలు రూలే గదా."

"కొత్తవి తెమ్మంటే రమణ తెచ్చేవాడు గదా."

"తెచ్చీవోడే. ఒకసారి తెస్తే రెండు మూడు నెల్లొస్తాయి." ఆయన నా మొహంలోకి చూశారు. "మరి నువ్వు ఏ పని మీదొస్తావు? రెండేళ్లు రాలేదు గదా."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దాచుకోవడం కూడా నా వల్ల కాలేదు.

రమణ దగ్గరికొచ్చి, "నాన్నా, నీకేమీ వినబడటం లేదని మాకు చెప్పొచ్చు గదా. రేపు డాక్టర్ దగ్గరికి నంబర్ రాయించేం, తెలుసా?" అన్నాడు.

"తెలీదు. ఇనబడితే గదా."

"గేటుకి తాళం ఎందుకేసేమో తెలుసా?"

"ఏసేరని తెలుసు. ఎందుకని అడిగేను. నువ్వేటో సెప్పేవు. అదీ ఇనబళ్లేదు. రెండోసారి అడిగితే ఇసుక్కుంటారని ఊరుకున్నాను."

సుజాత లోపలికి వెళ్లిపోయింది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. రమణ జేబులోంచి తాళంచెవి తీసి తండ్రి చేతిలో పెట్టాడు. వంగి ఆయన పాదాల మీద చెయ్యి వేశాడు.

ఊరికే

సోమవారం నంబరు రద్దు చేయించారు. బదులుగా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన మిషను చూసి, అంతా బాగానే ఉంది, మంచి సెల్లు వేయండి చాలు అన్నారట. నేను వరండాలో ఛార్జరు విప్పేశాను. ట్రాన్స్‌ఫార్మరు పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను, బల్బు ఉంచుకున్నాను. ఎవరైనా సెల్లు తెస్తే ఇప్పుడు ఆ బల్బు తగిలించి పది నిమిషాలు కూర్చోబెడతాను. బల్బు చెప్పింది వాళ్లే చూసుకుంటారు. కొందరికి ఓపిక లేక వెళ్లిపోతారు, వెళ్లనిస్తాను.

కొత్తవాళ్లకి ఒక్క మాట. ఎదుటి మనిషి అన్నిటికీ సరే అంటున్నాడంటే అన్నీ అర్థమవుతున్నాయనుకోకండి. పనిలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. మీరు తెచ్చిన వస్తువు పనిచేస్తోందా లేదా అని, మీరు దగ్గర లేని రోజున ఎవరినైనా అడగండి.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న నేను స్నానం చేసి, చొక్కా వేసుకుని, మళ్లీ కూర్చుండిపోయాను. పట్టుకెళ్లడానికి ఏమీ లేదు. ఎనిమిది నెలలు ఆ ఇంటికి చేతిలో కవరుతో వెళ్లాను. ఖాళీ చేతులతో వెళ్లి ఏం చెప్పాలో తెలియలేదు.

మా ఆవిడ చూసి, "సెల్లు లేకపోతే కాళ్లు నడవవేటి?" అంది.

వెళ్లాను. సర్కండాలో వాళ్ల వీధి మొదట్నుంచే కనబడ్డారు, గేటు లోపల కుర్చీ వేసుకుని, జేబులో మిషను, చెవిలో వైరు. నేను దగ్గరికి రాకముందే స్కూటరు చప్పుడుకి తలెత్తారు. నేను గేటు దగ్గర ఆగాను. ఆయన నా రెండు చేతులూ చూశారు.

"సెల్లుకి ఇంకా రెండు నెల్లుంది గదరా సూరీ. ఏటొచ్చేవు?"

"ఊరికేనండి," అన్నాను.

"ఏటి? గట్టిగా సెప్పు."

వినబడిందని నాకు తెలుసు. అయినా గట్టిగా చెప్పాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసుకుని, మెల్లగా లేచి వచ్చి గేటు తీశారు.